ముక్కు నొక్కితే మొగుడొస్తాడా?

ఉదయం తొమ్మిది కొట్టేసరికి మా పెరట్లో ఒక ఏడుపు మొదలయ్యేది. మామూలు ఏడుపు కాదు. ఎదురింట్లో పూలు కోసుకుంటున్న ఆమె బుట్ట పక్కన పెట్టి, గోడ మీదుగా తొంగిచూసి, "ఏమక్కా, మనవరాలికి నీళ్లు పోస్తాండారా?" అని అడిగేంత ఏడుపు. "అవునమ్మా, పోస్తాండాము," అని నేను నవ్వుతూ చెప్పేదాన్ని. మా ఆయన వరండాలో కూర్చుని టీవీ సౌండు ఇంకొంచెం పెంచేవారు.

నవ్వుతూ చెప్పేదాన్ని అని రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అయినా సిగ్గుపడే సంగతులు మానేస్తే ఇంక మనం రాసుకోవడానికి మిగిలేది ఊరగాయల కొలతలే!

మా తిరుపతి, చిత్తూరు వైపు బిడ్డకు స్నానం చేయించామని అనరు. నీళ్లు పోశామంటారు. అదొక తంతు. అండాలో నీళ్లు కాగాలి. పెరట్లో పీట వేయాలి. నీళ్లుపోసే ఆమె చీర మోకాళ్ల పైకి దోపుకుని కాళ్లు చాపి కూర్చోవాలి. ఆ రెండు కాళ్ల మధ్య పల్లంలో బిడ్డ పడుకోవాలి. పక్కన ఒక గిన్నెలో వెచ్చచేసిన నువ్వుల నూనె, ఇంకో గిన్నెలో పెసరపిండి, చెంబు, పాత పంచెగుడ్డ. అన్నీ అయ్యాక సాంబ్రాణి పొగ, అరికాల్లో దిష్టిచుక్క. 2022 ఏప్రిల్‌లో తిరుపతిని ఒక జిల్లా, చిత్తూరును ఒక జిల్లా చేశారు గానీ ఈ పీటకు మాత్రం ఎవరూ సరిహద్దు గీయలేకపోయారు. పలమనేరులో ఎట్లనో శ్రీకాళహస్తిలోనూ అట్లే.

ఈ తంతు మానేయమని చెప్పడానికి నేను కలం పట్టలేదు. బిడ్డ పుట్టిన ఇంట్లో కాగిన నూనె వాసన, తడిసిన పెసరపిండి వాసన కలిసి వస్తే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. నా తగాదా అంతా ఆ పీట మీద చేతులు చేసే పనితో.

ఆ పని చెప్తాను, వినండి. కాళ్లూ చేతులూ వీపూ అయ్యేవరకు బిడ్డ బాగానే ఉండేది. ఒక్కోసారి కళ్లు అరమూసి సుఖంగా మూలిగేది కూడా. తర్వాత చేతులు ముఖం మీదికి వచ్చేవి. బొటనవేలు, చూపుడువేలు నూనెలో ముంచి ముక్కు దూలం పట్టి పైకి లాగడం, పది సార్లు. బుగ్గలకు సొట్టలు పడాలని నొక్కడం. గడ్డం కిందికి సాగదీయడం. రెండు అరచేతుల మధ్య తల పెట్టి గుండ్రంగా రావాలని అదమడం. ముక్కులో రెండు చుక్కల నూనె, చెవిలో రెండు చుక్కలు. ఎదురొమ్ములు గట్టిగా ఉన్నాయని, పాలు పిండకపోతే గడ్డ కడతాదని వాటిని పిండడం. ఆఖరికి పెసరపిండితో ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దడం. మనలో ఎవరినైనా ఇట్లా చేస్తే పోలీసు స్టేషనుకు పోతాము. ఇరవై రోజుల బిడ్డ యాడికి పోతుంది? ఏడుస్తుంది.

ఆ ఏడుపు వినలేక లోపలి గదిలో బాలింత మంచం మీద నుంచి మా అమ్మాయి, "అమ్మా, బిడ్డ ఏడుస్తా ఉండాది, చాలు లేమ్మా," అని పిలిచేది. నేను ఏమన్నానో తెలుసా? "ఊరుకోవే, ఏడిస్తే ఊపిరి గట్టిపడతాది." మా అమ్మ నాతో అన్నదీ ఇదే మాట. అప్పుడు నేనూ ఇదే గదిలో, ఇట్లాగే పడుకుని, దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. పాతికేళ్లకు పైగా గడిచినా అది మరిచిపోలేదు. అయినా నా వంతు వచ్చినప్పుడు నా నోట అదే మాట వచ్చింది.

ఇదంతా ఎందుకు? ఇక్కడికి వస్తేగానీ అసలు సంగతి బయటపడదు. పురుడు చూడ్డానికి వచ్చిన మా వియ్యపురాలు బిడ్డను ఒళ్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "వదినా, ముక్కు కొంచెం చప్పిడిగా ఉండాదే. ఇప్పుడే నొక్కిస్తే కోటేరు మాదిరి వస్తాది. ఆడపిల్ల కదా!" అంది. నేను వెంటనే, "అవునవును, చెప్పినాను లే వదినా," అన్నాను. నిజంగానే చెప్పి ఉన్నాను. నీళ్లుపోసే ఆమె వచ్చిన మొదటి రోజే ముక్కు గురించి, రంగు గురించి నేనే చెప్పాను.

అంతకు ఐదేళ్ల ముందు మా అబ్బాయికి కొడుకు పుట్టాడు. ఇదే పెరడు, ఇదే పీట, నీళ్లుపోసిన ఆమె కూడా ఈమే. వాడి ముక్కూ ఈ ముక్కే. మా అత్తగారి ముక్కు అది, వంశానికంతా సమానంగా పంచిపెట్టి పోయింది మహాతల్లి. వాడి ముక్కు సంగతి ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. "మొగబిడ్డ, కాళ్లకు బలం రావాల," అని కాళ్లు మాత్రం బాగా పట్టించాము. వాడు నూనె రాయించుకుని, పాలు తాగి, మూడు గంటలు హాయిగా నిద్రపోయేవాడు. ఆడబిడ్డకైతే ముక్కు, రంగు, సొట్టబుగ్గలు, నున్నని ఒళ్లు. అంటే పెళ్లిచూపులు ఈ పీట మీదే మొదలవుతున్నాయన్న మాట! ఆ బిడ్డకింకా మెడ నిలవలేదు.

మూడోవారంలో ఒకనాడు బిడ్డకు ఎడమ రొమ్ము ఎర్రగా వాచింది. ముట్టుకుంటే వేడి. పాలు పట్టడం తగ్గించింది. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాము. ఆమె చూసీ చూడగానే, "ఎవరు పిండినారు?" అని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ మీద కాలెండరు వైపు చూశాను. కడుపులో ఉండగా తల్లి ఒంట్లోని హార్మోన్లు బిడ్డకూ చేరతాయనీ, అందుకే పుట్టిన కొత్తలో రొమ్ములు కొంచెం ఉబ్బి ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుందనీ, ఆడబిడ్డకే కాదు మొగబిడ్డకూ వస్తుందనీ, వదిలేస్తే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుందనీ ఆమె ఓపికగా చెప్పింది. పిండితే చీము పట్టవచ్చునట. చీము పట్టకముందే వెళ్లాము కాబట్టి మందులతో సరిపోయింది.

ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? నీళ్లుపోసే ఆమె మీద విరుచుకుపడ్డాను. ఆమె నా మాటలన్నీ విని, కొంగుతో చేతులు తుడుచుకుని, నిదానంగా అంది: "నాకు ముగ్గురు ఆడబిడ్డలమ్మా. ఒక్కదానికన్నా ముక్కు నొక్కినానా, పాలు పిండినానా? నాకు పొద్దు యాడుండె? తెల్లారితే నాలుగిండ్లు తిరగాల. నూనె పూసి, నీళ్లు పోసి పడుకోబెడితిని, అంతే. మీరు నొక్కమంటారు, నేను నొక్కతాను. నొక్కకపోతే రేపు ముక్కు బాగలేదని నన్నే అంటారు కదా!" ఆమె ముగ్గురు కూతుళ్లనూ నేను చూశాను. ముగ్గురికీ ముక్కులు లక్షణంగా ఉన్నాయి.

ఆ మాట నాకు చెంపపెట్టు. ఆమె చేతుల్లో ఎంతో నేర్పుంది. జారిపోయే తడి బిడ్డను కాళ్ల మీద నిలిపి, మెడ కింద చెయ్యి వేసి, కంట్లో చుక్క పడకుండా తలకు పోస్తుంది. ఆ నేర్పు నాకు లేదు. ఆ చేతులను ముక్కుల మీదికి పంపింది మనం, చదువుకున్న వాళ్లం, ఇళ్లలో పుస్తకాలూ పత్రికలూ ఉన్నవాళ్లం.

ఇక ఒక్కొక్కటీ తేల్చుకుందాం. ముక్కు ఆకారం తల్లిదండ్రుల నుంచి వచ్చేది. చివర ఉన్నది మెత్తని మృదులాస్థి. నొక్కితే వంగుతుంది, వదిలితే మళ్లీ తన చోటికి వస్తుంది. పిల్లలు పెరిగేకొద్దీ ముక్కు దూలం తనంతట తాను లేస్తుంది. ఆ పేరు మాత్రం మన వేళ్లకు వస్తుంది. రంగు సంగతి ఇంకా తమాషా. చాలామంది బిడ్డలు పుట్టినప్పుడు కొంచెం తెల్లగా కనబడి, వారాలు గడిచేకొద్దీ తమ అసలు రంగులోకి వస్తారు. అప్పుడు మనం "నీళ్లు సరిగా పోయలేదు, నల్లబడింది," అని ఇంకో పిడికెడు పెసరపిండి ఎక్కువ తీసుకుంటాము. పిండి గరుకుకు ఎర్రబడేది చర్మం, గీసుకుపోయేది పైపొర. ఒంటి మీది నూగు కూడా ఎవరూ రుద్దకపోయినా కొన్ని వారాల్లో రాలిపోయేదే.

రంగు అంటే గుర్తొచ్చింది. 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో సిగ్గుపడి పేరు మార్చుకుంది. మన సున్నిపిండి డబ్బా ఇంకా మారలేదు. పైగా మనం ఉండేది ఏ ఊళ్లో? నల్లరాతి దేవుడిని ఒక్క క్షణం చూడ్డానికి గంటల తరబడి క్యూలో నిలబడే ఊళ్లో! నలుపు నారాయణుడు మెచ్చు అంటూనే, ఇంటికొచ్చి మనవరాలికి పిండి పట్టిస్తాము. నారాయణుడు మెచ్చినా వియ్యంకుడు మెచ్చడని మన భయం.

తల గుండ్రం చేయడానికి మా ఊళ్లో ఇంకో కారణం కూడా చెప్తారు. పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకు పోతాం కదా, కల్యాణకట్టలో గుండు అయ్యాక తల సొట్టగా కనబడకూడదట. ప్రసవంలో ఇరుకు దారిన వచ్చేటప్పుడు తల కొంచెం సాగుతుంది, కొన్ని రోజుల్లోనే సర్దుకుంటుంది. అక్కడ మెత్తగా కొట్టుకునే మాడు పూడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది, మనం ఎంత ఆముదం అద్దినా, అద్దకపోయినా. ఆ మాడు చుట్టూ రెండు అరచేతులతో అదమడానికి మనకు చేతులెట్లా వస్తాయో!

"ఎముకలు కుదురుకోవద్దా మరి?" అని మా పెద్దమ్మ అడిగింది. ఎముకలు కుదిర్చే పని మన పుత్తూరు వాళ్లది. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు పెట్టి కట్టు కడతారు, దేశమంతా వస్తుంది. విరిగిన వాళ్లు పోతారు. ఈ బిడ్డకు ఏం విరిగిందని కుదుర్చుతున్నాము? పుట్టిన బిడ్డ కాళ్లు కొంచెం దొడ్డిగా ఉండటం మామూలే. నడక వచ్చి, రెండేళ్లు దాటే నాటికి అవే చక్కబడతాయి.

ముక్కులో నూనె మాత్రం నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా లాంటి జబ్బు చేస్తుంది. నీళ్లయితే దగ్గితే వస్తాయి, నూనె రాదు. చెవిలో నూనె కూడా అక్కర్లేదు, చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. సాంబ్రాణి పొగ తల ఆరడానికి అంటారు. పొగ ఊపిరితిత్తులకు పొగే. అది పూజగదిలోదైనా పొయ్యిలోదైనా తేడా లేదు. పొడి గుడ్డతో తుడిస్తే తల ఆరదా?

"మేమంతా ఇట్లనే పెరగలేదా?" ఇది అందరి దగ్గరా ఉండే బ్రహ్మాస్త్రం. పెరిగాము. మా నాయనమ్మ కన్న తొమ్మిది మందిలో పెరిగినవాళ్ల పిల్లలం అంటున్న మాట ఇది. పెరగని వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు కదమ్మా!

ఇంతా చెప్పి, అయితే నూనె రాయడమే తప్పంటావా అని అడిగితే, అసలు కానేకాదు. ఈ విషయంలో మన అవ్వలకు లోకమంతా దండం పెట్టింది. ఫ్రెడరిక్ లెబోయే అని ఫ్రాన్సులో పురుళ్ల డాక్టరు ఒకాయన, కలకత్తాలో శాంతల అనే తల్లి నేల మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను వేసుకుని నూనె రాయడం చూసి మురిసిపోయి, ఫొటోలు తీసి, 1976లో ఆమె పేరుతోనే పుస్తకం వేశాడు. తెల్లదేశాల తల్లులు ఆ పుస్తకం చూసి నేర్చుకున్నారు. 1986లో అమెరికాలో మయామీలో టిఫనీ ఫీల్డ్ అనే ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లూ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాల చొప్పున, పది రోజులు ఒళ్లు నిమిరి చూస్తే, నిమరని బిడ్డల కంటే రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. మన దేశంలోనే 2000లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చిన పరిశోధనలో, ఆరువారాల బిడ్డలకు నాలుగు వారాలు రకరకాల నూనెలు రాసి చూశారు. నువ్వుల నూనె రాసిన బిడ్డల్లో పెరుగుదల మెరుగ్గా ఉంది, మర్దన తర్వాత నిద్రా బాగుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డలకు ఒళ్లంతా మృదువుగా మర్దన చేయవచ్చునని ఉంది. మృదువుగా అన్నారు, గమనించండి. పుట్టిన 24 గంటల దాకా నీళ్లే పోయవద్దని కూడా అందులోనే ఉంది.

ఈ మెత్తని పనికి ఇప్పుడు బయట కొట్లు వెలిశాయి. బెంగుళూరులో ఉండే మా చెల్లెలి కోడలు బిడ్డకు నూనె రాయడం నేర్చుకోవడానికి ఫీజు కట్టి క్లాసుకు పోయింది. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారట, ఫ్రేము కట్టించుకోవాలేమో. ఇంకొందరు ఖరీదైన సీసా కొంటారు. లోపల చాలావాటిలో ఉండేది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిలు, కాస్త సువాసన. అది విషమని నేననను. గానుగ నూనె ఉన్న ఇంట్లో దానికేం పని అంటాను. అట్లని మన చెనక్కాయ నూనె మాత్రం వద్దు. అది వంటకు బ్రహ్మాండమే. కానీ చెనక్కాయ నూనె కలిసిన పూతలు పసిపిల్లల చర్మానికి రాసినచోట తర్వాత చెనక్కాయలంటే పడని జబ్బు ఎక్కువగా కనబడిందని 2003లోనే ఇంగ్లండు డాక్టర్లు రాశారు. నువ్వులో కొబ్బరో చాలు.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో పద్ధతి మారింది. నీళ్లు పోయడం ఆమే పోస్తుంది, జీతం పైసా తగ్గించలేదు. ముందుగా నూనె మాత్రం మా అమ్మాయి రాస్తుంది. గాజులూ ఉంగరాలూ తీసి, గోళ్లు కత్తిరించుకుని, అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. పాలు తాగి అరగంట అయినా కావాలి, నిద్రమత్తులో ఉండకూడదు, గదిలో ఫాను ఆపాలి. కాళ్ల దగ్గర మొదలుపెట్టి తొడ నుంచి పాదం దాకా సాగదీసినట్టు నిమురుతుంది. మరీ పైపైన తడిమితే బిడ్డకు చక్కిలిగింత, ముడుచుకుంటుంది. కొంచెం బరువుండాలి, చపాతీపిండి పిసికే బరువు వద్దు. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు గుండ్రంగా రాస్తుంది. బొడ్డు ఊడని బిడ్డకైతే ఆ జోలికి పోకూడదు. ముఖానికి ఒట్టి చేతులతో ఒక్క నిమురు. పది నిమిషాలు, అంతే. బిడ్డ ముఖం తిప్పుకున్నా, పెదవి విరిచినా ఆపేస్తుంది. మొదట్లో మూడోనిమిషంలోనే ఆపాల్సి వచ్చేది. ముక్కు దగ్గరికి చెయ్యి పోతే చాలు, బిడ్డ ముందే బిగుసుకునేది. ఆ భయం పోవడానికి నెల పట్టింది. ఆ నెల రోజులూ నేను వంటింట్లోనే ఉండిపోయాను.

ఆదివారాల్లో అల్లుడు వస్తే అతనే రాస్తాడు. మొదటిసారి లుంగీ ఎగ్గట్టి పీట మీద కూర్చుంటే ఎదురింటామె గోడ మీద నుంచి కిందికి దిగలేదు. "మొగోళ్లు కూడానా అక్కా!" అంది. "బిడ్డ ఆయనది కాదా?" అన్నాను. ఆ వారం వీధిలో ఇదే కబురు.

ఐదోనెలలో మా వియ్యపురాలు మళ్లీ వచ్చింది. బిడ్డను ఒళ్లో వేసుకుని, కళ్లజోడు సవరించుకుని, ముక్కు వైపే చూస్తూ, "వదినా, నేనంటే అన్నానంటావు గానీ, ఈ ముక్కు ఇంకా..." అని వేళ్లు దగ్గరికి తెచ్చింది. ఈలోగా బిడ్డ చెయ్యి ఎత్తి ఆమె ముక్కు పట్టుకుంది. ముక్కుపుడకతో సహా గట్టిగా లాగింది. "అబ్బా! వదలవే, నొప్పే!" అని ఆమె కేకపెట్టింది.

"ఉండు వదినా, సరిచేస్తా ఉండాది," అన్నాను నేను.